ఇంటింటా ఇంజనీరింగు: పికప్ బండి అడుగు రేకు వంకర పోయినప్పుడు

గత సంచికలో నీటి ట్యాంకు ఫ్లోట్ వాల్వు గురించి వ్రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇళ్లలోని కుళాయిలకు సంబంధించినవే. వాటికి విడివిడిగా జవాబులు పంపాను. ఈ నెల ఇంటి గడప దాటి, వీధిలో నిలిచి ఉండే బండి దగ్గరకు వెళదాం. మన టౌన్‌షిప్పులో పదవీ విరమణ చేసిన వారి కుటుంబాలలో చిన్న పికప్ బండి ఒకటి కొనుక్కుని జీవనం సాగిస్తున్నవారు తక్కువేమీ కాదు. సాయంత్రం వేళ రెండవ గేటు బయట వరుసగా నిలిచే బండ్లను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇంజనులో ఏ చిన్న చప్పుడు వినిపించినా వారు కంగారుపడతారు. టైరు అరిగితే అప్పు చేసి అయినా మారుస్తారు. సరుకు మొత్తాన్నీ మోసే అడుగు రేకును మాత్రం అది చిల్లు పడే దాకా ఎవరూ పట్టించుకోరు.

నాకు ఈ విషయం మీద శ్రద్ధ కలగడానికి కారణం మా విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పైపుల వెల్డింగు చేసి విరమించిన ఒక మేస్త్రి గారు. పేరు వ్రాయవద్దని కోరారు కనుక మేస్త్రి గారనే వ్యవహరిస్తాను. ఆయన వేసిన అతుకు ఎక్స్‌రే పరీక్షలో తిరిగి రావడం నేనెన్నడూ చూడలేదు. విరమణ సమయంలో వచ్చిన సొమ్ములో కొంత పెట్టి, మిగిలినది ఫైనాన్సు తీసుకుని, కొడుక్కి ఒక పాత పికప్ కొనిచ్చారు. ఆ అబ్బాయి తెల్లవారుజామున ఆనందపురం పరిసరాల తోటల నుంచి కూరగాయలు ఎత్తుకుని గాజువాక వైపు తెస్తుంటాడు. కిరాయి రైతులది, బండి, వాయిదా ఇతనివి.

గత సంవత్సరం ఆషాఢంలో ఒక ఆదివారం తండ్రీ కొడుకులిద్దరూ బండితో సహా మా క్వార్టరు ముందు దిగారు. ఇద్దరి మధ్య మాటలు సరిగా లేవని చూడగానే అర్థమైంది. కొడుకు బండి వెనుక తలుపు దించి, అడుగు రేకు చూపించాడు. నూనెలో వేసిన అప్పడం ఎలా ఉంటుందో అలా ఉంది. ఒక చోట బోర్లించిన పళ్లెంలా పైకి పొంగింది. ఇంకో చోట చిన్న చెరువులా లోతుపడి రాత్రి వాన నీరు నిలిచి ఉంది. కాలు పెట్టి నొక్కితే ‘టప్పు’మని క్రిందికి వెళ్లి, కాలు తీయగానే మళ్లీ ‘టప్పు’మని పైకి లేస్తోంది. క్రింది వరుసలో ఉంచిన టమాటా, వంకాయ ట్రేలు ఆ నీటిలో నాని కుళ్లుతున్నాయట. ట్రేలు ఒరిగిపోవడంతో పైవరుస కూలుతోందట. ఇద్దరు రైతులు అప్పటికే వేరే బండి మాట్లాడుకున్నారు. మిగిలిన వారు కూడా పోతే వాయిదా కట్టడం ఎలాగో తెలియదన్నాడు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డువారు అడుగు మొత్తం తీసి కొత్తది వేయడానికి నలభై రెండు వేలు అడిగారట. అంత సొమ్ము లేదు. అందుకు కొడుకు ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. “అంకుల్, దీని మీద ఇంకో చెకర్ ప్లేటు పరిపించేస్తే సరిపోద్ది కదండీ? సగం డబ్బుల్లో అయిపోద్ది” అన్నాడు. మేస్త్రి గారు ఏమీ మాట్లాడకుండా వేపచెట్టు క్రింద నిలబడ్డారు.

ముందుగా ఈ చెకర్ ప్లేటు సంగతి చెబుతాను. ఎందుకంటే వంకర పోయిన అడుగుకు అందరూ ఆశ్రయించే మార్గం ఇదే, అన్నిటిలోకీ ఖరీదైనదీ ఇదే. ఇనుము ఒక చదరపు మీటరు వైశాల్యం, ఒక మిల్లీమీటరు మందం ఉంటే 7.85 కిలోలు తూగుతుంది. ఆ బండి అడుగు 2.5 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, అనగా 4.25 చదరపు మీటర్లు. 3 మిల్లీమీటర్ల చదును ప్లేటు పరిస్తేనే నూరు కిలోలు అవుతుంది. పైన గళ్లున్న చెకర్ ప్లేటు ఇంకా కాస్త ఎక్కువే. ఆ నూరు కిలోలూ రోజూ, ప్రతి కిరాయికీ, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ డీజిలు తాగుతాయి. మోయగల సరుకులో అంత మేర తగ్గుతుంది. ఆర్.సి. పుస్తకంలో వ్రాసి ఉన్న ఖాళీ బరువుకూ అసలు బరువుకూ పొంతన తప్పుతుంది. ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. వంకర రేకు మీద తిన్నని ప్లేటు వేస్తే ఆ రెంటి మధ్యా ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలలోకి వాన నీరు, కూరగాయల మట్టి చేరి బయటకు రావు. కంటికి కనబడకుండా లోపలి నుంచి తుప్పు తింటుంది. సముద్రపు గాలి ఉన్న మన ప్రాంతంలో అది మరీ త్వరగా జరుగుతుంది. పుండు మీద పట్టుబట్ట కప్పినట్టే.

కొడుకు ఒప్పుకున్నాడు కానీ, “మరేం చెయ్యమంటారు?” అన్నాడు. అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పుకోవాలి. ఇంజనీరింగు పట్టా ఉందన్న ధైర్యంతో రెండు కిలోల సుత్తి తెప్పించి, పొంగిన చోట క్రింద ఒక ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి కొట్టడం మొదలుపెట్టాను. అరగంట గడిచేసరికి ఉన్న పొంగు తగ్గలేదు సరికదా, దాని ప్రక్కన మరొక పొంగు పుట్టింది. పిల్లలు చుట్టూ చేరి చూస్తుంటే ఆపడానికి అభిమానం అడ్డువచ్చి మరో పావుగంట కొట్టాను. ఫలితం మీరే ఊహించుకోగలరు.

మరునాడు ఆటోనగర్‌లో టింకరింగ్ పని చేసే ఒక పెద్దాయనను పిలిపించాం. ఆయన రేకు మీద అరచేయి పెట్టి అటూ ఇటూ నిమిరి, నేను కొట్టిన మచ్చలు చూసి నవ్వారు. “సార్, పొంగిందంటే అక్కడ రేకు ఎక్కువైందని లెక్క. ఎక్కువైన దాన్ని సుత్తితో కొడితే ఇంకా ఎక్కువవుద్ది. చపాతీ ముద్దని కర్రతో నొక్కితే పెరుగుద్దా, తగ్గుద్దా?” అన్నారు. నాలుగేళ్ల కళాశాల చదువులో నేను చదివినదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

దానిని మన భాషలో ఇలా చెప్పుకోవచ్చు. ఒక మీటరు దూరంలో రెండు చివరలా కట్టివేసిన రేకు ఉన్నదనుకోండి. దాని పొడవు ఒకే ఒక్క మిల్లీమీటరు పెరిగితే, పోవడానికి చోటు లేక అది మధ్యలో విల్లులా లేస్తుంది. ఆ లేచే ఎత్తు ఒక మిల్లీమీటరు కాదు, సుమారు 20 మిల్లీమీటర్లు. కాగితం మీద లెక్క కట్టి చూపిస్తే మేస్త్రి గారి అబ్బాయి నమ్మలేదు. ఒక స్టీలు స్కేలు రెండు చివరలూ వేళ్లతో బిగించి కొద్దిగా దగ్గరకు నొక్కితే ఎంత లేస్తుందో చూడమన్నాను. అప్పుడు నమ్మాడు. కనుక కంటికి భయంకరంగా కనబడే ఆ పొంగు వెనుక ఉన్న అసలు దోషం ఒక మిల్లీమీటరు మాత్రమే. ఆ మిల్లీమీటరును తీసివేయగలిగితే నలభై రెండు వేలు అక్కరలేదు.

అయితే ఆ మిల్లీమీటరు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న వేయకుండా మరమ్మతు మొదలుపెడితే మూడు నెలలలో మళ్లీ అదే స్థితి వస్తుంది. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు వేసి, క్రిందికి దూరి టార్చిలైటుతో చూశాం. అడుగు రేకు క్రింద అడ్డంగా కొన్ని క్రాస్ చానళ్లు ఉంటాయి. అవి ఛాసిస్ మీద కూర్చుంటాయి. రేకు బరువును మోసేది నిజానికి అవే. మధ్య చానల్ నుంచి ఒక నూలుదారం లాగి కట్టి చూస్తే అది నడిమిలో 14 మిల్లీమీటర్లు క్రిందికి దిగి ఉంది. గట్టిగా అడిగితే అబ్బాయి అప్పుడు చెప్పాడు: అంతకు నాలుగు నెలల క్రితం మంచి కిరాయి వచ్చిందని ఒక పాత లేతు మిషను వేసుకుని వెళ్లాడట. మిషను మొత్తం బరువు ఇనుప కాళ్ల నాలుగు చిన్న చోట్ల మీద పడింది. పైగా దారిలో ఒక పెద్ద గుంట. క్రింద రెండు దుంగలు అడ్డంగా వేసి ఆ కాళ్లను వాటి మీద నిలిపి ఉంటే బరువు రెండు మూడు చానళ్లకు పంచుకునేది. ఒక్క ముక్క కర్ర ఖరీదు ఎంత?

చానల్ దిగడంతో అక్కడ నీరు నిలిచింది. నీరు నిలిచిన చోట రేకు తుప్పుపట్టి పళ్లెమంత చిల్లు పడింది. ఆ చిల్లుకు పెద్ద పట్టీ ఒకటి వేసి చుట్టూ వెల్డు చేశారు. ఆ పట్టీ చుట్టూ ఉన్న అతుకును చూశాను. ఎక్కడా తెగకుండా, ఒకే వెడల్పున, చేప పొలుసుల వరుసలా ఎంతో అందంగా ఉంది. అటువంటి అతుకు వేయగలవారు మన కర్మాగారంలో పదిమంది ఉండరు. ఎవరు వేశారని అడగవలసిన అవసరం లేకపోయింది. మేస్త్రి గారు ఇంకా వేపచెట్టు దగ్గరే ఉన్నారు.

ఇక్కడే ఇబ్బంది. ఆ అతుకే రేకును అప్పడం చేసింది. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అతుకు గీత పొడవునా అలా కుంచించుకుపోయి బిగుసుకుంటే, దాని ప్రక్కనున్న రేకుకు ఉన్న పొడవు ఎక్కువైపోతుంది. ఎక్కువైనది పొంగుతుంది. మేస్త్రి గారు జీవితమంతా పనిచేసినది మందపాటి పైపుల మీద, ప్లేట్ల మీద. 20 మిల్లీమీటర్ల ప్లేటు వంగడానికి ఎదురు నిలిచే శక్తి 2 మిల్లీమీటర్ల రేకు కన్నా 1000 రెట్లు. అతుకు ఎంత లాగినా ఆ ప్లేటు అంతగా కదలదు. అదే చేయి, అదే నైపుణ్యం పలుచని రేకు మీద ప్రయోగిస్తే రేకు ఓడిపోతుంది. ఈ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు తటపటాయించాను. కొడుకు ఎదుట చెప్పడం నాకు ఇష్టం లేదు. చెప్పకపోతే పని కాదు. చివరకు టీ తాగుదామని ఆయనను లోపలికి పిలిచి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను.

ఆయన బొమ్మ వంక చూస్తూ కొంతసేపు ఊరుకున్నారు. “నిలువునా ఒకే ఊపులో వేశానండి. ఆపితే బలం ఉండదనుకున్నాను” అన్నారు. తరువాత గ్లాసు క్రింద పెట్టి బయటకు వెళ్లి, గ్రైండింగ్ మిషను తానే అందుకున్నారు. ఆ అతుకును కోయడానికి మరెవరినీ చేయి పెట్టనివ్వలేదు.

ఇక పని జరిగిన క్రమం చెబుతాను. నిప్పుతో పని కనుక జాగ్రత్తలు ముందు. ఆ బండి డీజిలు ట్యాంకు బాడీ క్రిందే ఎడమ ప్రక్కన ఉంది. రెండు పట్టీలు విప్పి, ట్యాంకును దించి, గోడ అవతల పెట్టాం. బ్రేకు పైపులు, వైర్లు పోయే చోట్లను చూసి సుద్దముక్కతో రేకు మీద గుర్తులు పెట్టాం. విప్పగలిగినవి విప్పాం, మిగిలిన వాటికి రేకు ముక్కలు అడ్డం పెట్టాం. ఆర్క్ వెల్డింగు చేసే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తప్పక విప్పాలి. వెల్డింగు ఎర్తు క్లాంపును పని జరిగే చోటికి దగ్గరగానే తగిలించాలి. లేకపోతే కరెంటు బేరింగుల గుండా, ఎలక్ట్రానిక్ భాగాల గుండా దారి వెతుక్కుంటుంది. ఈ కాలపు బండ్లలో ఒక చిన్న పెట్టె కాలిపోతే అడుగు రేకు ఖర్చు దానికి చాలదు. రెండు బకెట్ల నీరు, ఒక బకెట్టు ఇసుక, మంటలార్పే సిలిండరు దగ్గర ఉంచాం. సి.ఎన్.జి. బండి అయితే ఈ పని ఇంటి దగ్గర తలపెట్టవద్దు. సిలిండరును అనుమతి ఉన్నవారి చేత తీయించిన తరువాతే నిప్పు మాట.

రేకుకు జింకు పూత ఉన్నదేమో కూడా చూడాలి. ఉంటే పని చేసే చోట ఆ పూతను గీకివేసి, ఆరుబయట, గాలి వాలుకు ప్రక్కగా నిలబడి పనిచేయాలి. జింకు పొగ పీల్చితే కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పాలు తాగితే పోతుందని మన వెల్డర్లలో ఒక నమ్మకం ఉంది. పాలు ఒంటికి మంచివే కానీ ఆ పొగకు విరుగుడు కావు.

మొదట చానల్. ఛాసిస్ రెండు దూలాల క్రిందుగా ఒక బలమైన ఇనుప దూలం ముక్కను అడ్డంగా పెట్టి, దానిని యు-బోల్టులతో ఛాసిస్‌కు వ్రేలాడదీశాం. ఆ ముక్క మీద జాకీ నిలిపి, దిగిన చానల్ నడిమిని పైకి త్రోశాం. జాకీని నేల మీద పెడితే చానల్ లేచే బదులు బండే లేస్తుంది. అందుకే ఈ ఏర్పాటు. ఇనుముకు తిరిగి వెనక్కి వచ్చే గుణం ఉంది కనుక దారం గీతకు సమంగా వచ్చినప్పుడు ఆపకూడదు. ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు పైకి త్రోసి, వదిలి, చూసి, అవసరమైతే మళ్లీ త్రోయాలి. మూడవసారికి దారం సరిగా వచ్చింది. ఛాసిస్ దూలాలను మాత్రం వేడి చేయరాదు. ఎక్కువ బలం గల ఉక్కుతో చేసినవయితే వేడికి ఆ బలం పోతుంది. ఛాసిస్సే వంగి ఉంటే, లేదా పగులు కనబడితే, అది చవకగా తేల్చుకునే పని కానే కాదు.

తరువాత అతుకు. మేస్త్రి గారు చుట్టూ ఉన్న అతుకులో అంగుళం ముక్కలను నాలుగేసి అంగుళాల ఎడంలో ఉంచి మిగిలినదంతా గ్రైండరుతో తీసివేశారు. అలా తీస్తుండగానే రేకు రెండు చోట్ల దానంతట అదే ‘టంగు’మని కొంత సర్దుకుంది. బిగువు విడిచిన చప్పుడు అది. మిగిలిన అంగుళం ముక్కల క్రింద ఇనుప దిమ్మె పెట్టి టింకరు పెద్దాయన సుత్తితో సన్నగా కొట్టారు. నిన్న సుత్తి వద్దన్నారు కదా అని అబ్బాయి అడిగాడు. పొంగిన చోట రేకు ఎక్కువ, అక్కడ సుత్తి తప్పు. అతుకు దగ్గర రేకు తక్కువైంది, అక్కడ సుత్తి పెట్టి సాగదీయడం ఒప్పు. సుత్తి ఒకటే, చోటు వేరు.

మూడవది నిప్పు. అసలు విద్య ఇందులోనే ఉంది. పొంగు శిఖరాన రూపాయి బిళ్లంత మేర గ్యాస్ టార్చితో త్వరగా వేడి చేయాలి. ఆ చుక్క వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లని రేకు దానిని కదలనివ్వదు. ప్రక్కకు పోలేని లోహం మందం వైపుగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు మాత్రం అన్ని వైపులా కుంచించుకుంటుంది, కనుక మునుపటి కన్నా చిన్నదై చుట్టూ ఉన్న రేకును తన వైపు లాక్కుంటుంది. మామూలు మెత్తని ఉక్కు గట్టిగా కట్టుబడి ఉన్నప్పుడు సుమారు 100 డిగ్రీల తేడా దాటగానే ఈ శాశ్వత మార్పు మొదలవుతుంది. మనం 600 నుంచి 650 డిగ్రీల వరకు తీసుకువెళతాం. నీడలో చూస్తే మసక ఎరుపు కనబడే వేడి అది. ఎండలో ఆ ఎరుపు కంటికి ఆనదు, తెలియక ఎక్కువ కాల్చివేస్తాం. అందుకే పైన టార్పాలిన్ కట్టుకున్నాం. ఎరుపు రాగానే టార్చి తీసి, చుక్క చుట్టూ కొయ్య సుత్తితో మెల్లగా నాలుగు తట్లు తట్టి, ఎరుపు పోయిన తరువాత తడి గోనెగుడ్డ అద్దాలి. రంగు, తారు పూత ఉన్న చోట ముందే గీకివేసుకోవాలి.

రూపాయి బిళ్లంత చుక్క ఒకటి సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 0.2 మిల్లీమీటరు కుంచించుకోగలదు. ఆచరణలో అందులో కొంత భాగమే దక్కుతుంది. మీటరుకు 20 మిల్లీమీటర్ల పొంగు ఉన్నప్పుడు తీయవలసినది ఒక మిల్లీమీటరు. పొంగు 10కి దిగిన తరువాత మిగిలిన దోషం అందులో సగం కాదు, పావు వంతు మాత్రమే. 5కి దిగితే మిగిలేది 0.06 మిల్లీమీటరు. అనగా మొదట నాలుగైదు చుక్కలు పెట్టినా పెద్దగా తేడా కనబడక విసుగు వస్తుంది. చివరలో ఒక్క చుక్క ఎక్కువైతే రేకు తీగలా బిగిసి మూలలు మెలి తిరుగుతాయి. చేతికి వచ్చిన పనిని అక్కడే చెడగొట్టుకుంటారు. ప్రతి చుక్క తరువాత పూర్తిగా చల్లారనిచ్చి, తాపీమేస్త్రీలు వాడే అల్యూమినియం పట్టీ ఆనించి ఎత్తు కొలవాలి. ఒక చుక్క ఇక్కడ పెడితే తరువాతది దూరంగా మరో చోట పెట్టాలి. నాలుగైదు మిల్లీమీటర్ల పొంగు మిగిలినప్పుడు ఆపివేయడం ఉత్తమం. మన బండి కారు బానెట్ కాదు, అద్దంలా ఉండనక్కరలేదు.

టార్చి పట్టింది మేస్త్రి గారు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది టింకరు. మొదటి రెండు చుక్కలకు మేస్త్రి గారి చేయి అలవాటు కొద్దీ ముందుకు జరగబోయింది. “ఆపండి బాబాయ్, చాలు” అని పెద్దాయన గద్దించారు. మూడవదానికి ఆయనకు లయ దొరికింది. తడి గుడ్డ అద్దే పని కొడుకుది. సాయంత్రానికి తండ్రీ కొడుకులు “ఇక్కడా? ఇంకొంచెం ఇటా?” అనుకుంటూ పనిలో పడ్డారు.

నాలుగవది, నా మాటగా చేయించినది. ఆ బండిలో మధ్య చానల్‌కూ దాని వెనుక చానల్‌కూ ఎడం ఎక్కువ. రేకు దృఢత్వం మందం మీద కన్నా ఎడం మీద ఆధారపడి ఉంటుంది. మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లకు పెంచితే వంగడం 3.4 రెట్లు తగ్గుతుంది. దానికి ముప్పై కిలోలకు పైగా అదనపు ఇనుము కావాలి. ఎడాన్ని సగం చేస్తే ఒకచోట పడే బరువుకు వంగడం 8 రెట్లు తగ్గుతుంది. అందుకు 40×40×5 యాంగిల్ ముక్క, మీటరుకు 3 కిలోల చొప్పున, అయిదు కిలోలు చాలు. మధ్య చానల్‌కు రెండు వైపులా ఒక్కొక్కటి వేశాం. రెంటికీ కలిపి పది కిలోలు. వీటిని రేకుకు అతికించేటప్పుడు అంగుళం వెల్డు, అయిదంగుళాల ఖాళీ. ఒక చివర ఒకటి, రెండవ చివర ఒకటి, తరువాత మధ్యలో, ఇలా దూకుతూ వేయాలి. ఈసారి మేస్త్రి గారు ఒక్కొక్క ముక్క తరువాత చేయి ఆనించగలిగేంత చల్లారే దాకా ఆగారు. పట్టీ చుట్టూ అతుకు లేని ఖాళీలలో నీరు దిగకుండా సీమ్ సీలరు నింపాం.

ఇక రంగు గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. తుప్పు పూర్తిగా గీకి, ప్రైమరు రెండు పూతలు, రంగు రెండు పూతలు. క్రింది వైపు కూడా మరచిపోకుండా వేయాలి. కాల్చిన చుక్కల వెనుక ప్రక్క రంగు లేకుండా వదిలితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. లోతైన మూలలలో నీరు పోవడానికి చిటికెన వ్రేలు పట్టేంత రంధ్రాలు మూడు వేసి, వాటి అంచులకూ రంగు పూయించాం. రబ్బరు చాప వేసుకుంటామంటే కాదనను; వారానికొకసారి ఎత్తి క్రింద ఆరనివ్వాలి.

ఖర్చు లెక్క అడుగుతారు కనుక వ్రాస్తున్నాను. యాంగిల్ ఇనుము పది కిలోలు 750 రూపాయలు. టింకరు పెద్దాయనకు గ్యాసుతో సహా రెండు రోజులకు 2,400. వెల్డింగు రాడ్లు, గ్రైండింగ్ చక్రాలు 400. ప్రైమరు, రంగు, సీలరు 1,400. బోల్టులు, వాషర్లు 350. మొత్తం 5,300. మేస్త్రి గారి రెండు రోజుల కష్టం, మా ఇంటి టీలు ఇందులో చేర్చలేదు. ఊరిని బట్టి ధరలు మారవచ్చు. రెండు రోజులు కిరాయి పోవడం కూడా లెక్కలోనిదే.

మరొక సంగతి. పని బాగా కుదిరిందన్న సంతోషంలో అబ్బాయి ప్రక్క తలుపుల ఎత్తు ఒక అడుగు పెంచుకుంటే ఇంకో వరుస ట్రేలు పడతాయని అన్నాడు. పాడైన రేకును యథాస్థితికి తేవడం మరమ్మతు. తలుపులు ఎత్తు పెంచడం బండి రూపాన్ని మార్చడం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ అటువంటి మార్పులను గురించినదే. చట్టం సంగతి అటుంచి, ఆ అదనపు వరుస మళ్లీ ఆ మధ్య చానల్ మీదే కూర్చుంటుంది. మేస్త్రి గారు నా వైపు చూసి, “నేను చెబుతానులెండి” అన్నారు.

అడుగు రేకును స్క్రూడ్రైవరుతో పొడిచినప్పుడు ఎక్కడ పడితే అక్కడ దిగబడుతూ ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు రేకు మార్చవలసిందే. ఈ వర్షాకాలం మొదట్లో ఆ బండిని మళ్లీ చూశాను. పొంగు ఉన్న చోట పట్టీ ఆనిస్తే 5 మిల్లీమీటర్లు, అప్పుడు వదిలినంతే. వెనుక ఎడమ మూల రంధ్రంలో కొత్తిమీర కాడలు ఇరుక్కుని నీరు కాస్త నిలిచింది. పుల్లతో పొడిస్తే పోయింది. వెళ్లిపోయిన ఇద్దరు రైతులలో ఒకరు తిరిగి వచ్చారట. లేతు మిషను కిరాయి మళ్లీ వచ్చిందా అని అడిగితే, వచ్చిందనీ, ఈసారి బండిలో రెండు సరుగుడు దుంగలు పడివుంటాయనీ చెప్పాడు.

వచ్చే సంచికలో ఇన్వర్టరు బ్యాటరీలో నీటి మట్టం గురించి ముచ్చటించుకుందాం. ఆ విషయమై ప్రశ్నలున్నవారు నెలాఖరులోగా సంపాదకవర్గానికి పంపగలరు.